తన్ను తాను చెప్పుకొను సంఖ్యలు – ఆత్మాశ్రయ విచారము

తమ లక్షణమును తామే చెప్పుకొను సంఖ్యాశ్రేణులను వినోదగణితమని తోసివేయువారు కలరు. న్యాయశాస్త్రము చదివినవారిలో కొందరు వీనియందు ఆత్మాశ్రయ దోషము కలదని కూడ ఆక్షేపింతురు. ఆ దోషము ఉత్పత్తి, స్థితి, జ్ఞప్తి భేదముచే త్రివిధము గదా! ఏ విధమైన దోషము ఇచట పట్టునో చూపక ఆక్షేపించుట శాస్త్రమర్యాద కాదు.

6210001000 అను సంఖ్యను తీసికొందము. ఇందలి మొదటి అంకె సున్నలెన్నియో, రెండవది ఒకట్లెన్నియో, మూడవది రెండ్లెన్నియో చెప్పును, తక్కినవియు నట్లే. లెక్కించిన సున్నలు ఆరు, ఒకట్లు రెండు, రెండు ఒక్కటి, ఆరు ఒక్కటి. పది అంకెలలో ఈ గుణము గలది ఇదొక్కటే. అంకెలను లెక్కించువానికి ఈ లక్షణము ముందుగా తెలియ నక్కరలేదు. కనుక జ్ఞప్తిలో దోషము లేదు. కేదారభట్టు వృత్తరత్నాకరమున వృత్తలక్షణమును ఆ వృత్తమునందే చెప్పినాడు. లక్షణమే లక్ష్యమైనదని దానిని తప్పు పట్టుదుమా? గురులఘువులను గుర్తించుటకు వృత్తనామముతో పని లేదు.

ఉత్పత్తి విషయము కొంత సూక్ష్మము. 1966లో సాలమన్ గోలంబ్ ప్రతిపాదించిన శ్రేణి 1, 2, 2, 3, 3, 4, 4, 4, 5, 5, 5 అని సాగును. ఏ స్థానమందలి పదమైనను, ఆ స్థానసంఖ్య శ్రేణిలో ఎన్ని మారులు వచ్చునో చెప్పును. సంఖ్యలు 1తో మొదలై, తగ్గక, నడుమ ఏదియు విడువక పెరుగవలెనని నియమము. 1 ఒక్కమారే కనుక రెండవ పదము 2; అది 2 రెండుమార్లని చెప్పుటచే మూడవదియు 2; మూడవది 3 రెండుమార్లని చెప్పును. మొదటి 1 తన్ను తాను చెప్పుకొనును. కాని దానిని పుట్టించినది ఆరంభనియమమే. తక్కిన పదములన్నియు పూర్వపదముల వలననే సిద్ధించును. మర్రిగూడ పేరులోని మర్రిని చూడుడు. ఊడ కొమ్మనుండి దిగి, నేలనంటి, ఆ కొమ్మనే మోయును. అయినను మ్రాను ముందు, ఊడ తరువాత. స్థితి ప్రసక్తి సంఖ్యలయందు రాదు.

దేవలాలి బడిపంతులు దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్ (1905–1986) పరిశీలించిన సంఖ్యలు దీనికి ప్రత్యుదాహరణము వంటివి. సంఖ్యకు దాని అంకెల మొత్తమును కలిపిన మరియొకటి పుట్టును: 15నుండి 21. ఇట్లు దేనినుండియు పుట్టనివి 1, 3, 5, 7, 9, 20, 31 మొదలగునవి. 101కి 91, 100 అని ఇరువురు జనకులు! జనకుడు లేనివానిని తెలుగున స్వయంభూ సంఖ్యలనుటే యుక్తము. ఆంగ్లపదమునకు ముక్కకు ముక్క పెట్టిన మాటలు ఇంత అర్థమును మోయలేవు.

ఆత్మాశ్రయమును బోధించు అధ్యాపకులు ఘటపటములతో పాటు ఈ ఉదాహరణములను కూడ చెప్పవలెను. వృత్తరత్నాకరపు ఆఱవ అధ్యాయమును వల్లెవేయించుటతో ఆపక, నష్టోద్దిష్టములను విద్యార్థిచేతనే లెక్క కట్టించినచో, గోలంబు శ్రేణిలో ఇరువదవ పదమేదో అతడే చెప్పగలడు.