ఓటమియు శిక్షకుడును
అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయపు బేస్‌బాల్ జట్టు 2022లో తన మండలపు పోటీలలో 7 గెలిచి 14 ఓడిన దినములలో, రెండు దశాబ్దులుగా దానిని నడిపిన శిక్షకుడు మైక్ బియాంకోను తొలగింపవలెనని అభిమానులనేకులు ఘోషించిరి. జాతీయ పోటీలకు కట్టకడపట నెన్నుకొనబడిన ఆ జట్టే ఒమాహాలో ఓక్లహోమాను వరుసగా రెండాటలలో నోడించి విజేతయయ్యెను. దూషించిన నోళ్లే కీర్తించెను. 2023లోనో, మండలమున 30 ఆటలకు 6 మాత్రమే గెలిచినది!

ఒక్క యేటిలో మేధావి మూఢుడగునా? కళాశాల జట్టున ఆటగాండ్రు నిలుకడగా నుండరు. ముఖ్యుడైన బంతి విసరువాని చేయి నొచ్చిన జట్టంతయు కుంటువడును. పాతవిజయము శిక్షకునకు కవచము కారాదు, నిజమే. ఎవరిని చేర్చుకొనెను, ఎట్లు తీర్చిదిద్దెను అని యడుగుట అభిమానుల హక్కు. ఆ లెక్క పలువత్సరములది. ఒక మాసపు ఓటములతో తీర్పు చెప్పుట అన్యాయము.