మీది ఏ మిషన్?



విజయవాడ బస్టాండులో గానీ, పెళ్ళి పందిట్లో గానీ ఇద్దరు విశ్వాసులకు కొత్తగా పరిచయమైతే, ఊరి పేరు అడిగిన వెంటనే వచ్చే ప్రశ్న ఒకటుంది: "మీది ఏ మిషనండీ?" ఈ ప్రశ్న మానుకోమని అడగడానికే ఈ వారం రాస్తున్నాము. కొందరికి కోపం రావచ్చు. రానివ్వండి.

ముందు ఆ మాట సంగతి చూద్దాము. మన పల్లెల్లో చెల్లెమ్మలు మిషన్ కుడతారు. అది నిజానికి వేరే మాట. యంత్రమనే అర్థమున్న మెషీన్ మన నోట్లో పడి మిషన్ అయింది. ప్రభుత్వం వారికి స్వచ్ఛ భారత్ మిషన్ ఉంది. మనకేమో మిషన్ కాంపౌండు, మిషన్ ఆసుపత్రి, మిషన్ స్కూలు. అసలు మాట లాటిను భాషలోని "మిత్తెరె" నుండి పుట్టింది. దాని అర్థం పంపడం. పూర్వపు దైవశాస్త్ర పండితులు తండ్రి కుమారుని పంపడాన్ని, ఆత్మను పంపడాన్ని ఈ మాటతో చెప్పేవారు. సువార్త పనికి మనుషులను దూరదేశాలకు పంపడాన్ని మిషన్ అనడం 16వ శతాబ్దంలో యేసు సభ గురువులతో మొదలైంది. కొత్త నిబంధనలో అపొస్తలుడన్నా పంపబడినవాడే. సిలోయము కోనేటి పేరుకు కూడా యోహాను 9వ అధ్యాయంలో అదే అర్థం చెప్పాడు, గమనించండి.

ఇదే వేరు నుండి పుట్టిన ఇంకొక మాట మన రైతు సోదరులకు బాగా తెలుసు: కమీషన్. ధాన్యం బస్తాకు ఇంతని మధ్యవర్తి పట్టుకునేది. మత్తయి 28లో ప్రభువు ఇచ్చిన ఆజ్ఞను ఇంగ్లీషువారు గ్రేట్ కమిషన్ అంటారు, అంటే పని అప్పగించి పంపడం. మన దగ్గర పంపడం పోయి పట్టుకోవడం మిగిలింది.

మాట "వెళ్ళు" అంటుంటే మనం దానికి ప్రహరీ గోడ కట్టాము. రాబర్ట్ నోబుల్ గారిని సి.ఎం.ఎస్. వారు పంపితే 1841లో బందరు వచ్చారు, 1843లో బడి పెట్టారు, 1865లో అక్కడే కన్నుమూశారు. 1842లో హయ్యర్ గారు గుంటూరు వచ్చి లూథరన్ పని మొదలుపెట్టారు. తరువాత ఉయ్యూరు, అవనిగడ్డ వైపు కెనడా బాప్టిస్టులు పనిచేశారు. మిషన్ల వారు పోటీ పడకుండా ప్రాంతాలు పంచుకున్నారు, ఒకరి పొలంలో ఇంకొకరు దిగకూడదని. కాబట్టి మీ తాతగారు లూథరన్ అయింది లూథరు గారి గ్రంథాలు చదివి కాదు. ఊరు ఆ వాటాలో పడింది, అంతే. కాలువకు అవతలి వైపు పుట్టి ఉంటే బాప్టిస్టు అయ్యేవారు. ఇందులో అతిశయించడానికి ఏముంది?

అసలు అతిశయం మిషన్ గురించి కాదు, ఆ సంగతి మనకు తెలుసు. ఏ మిషన్ ఎక్కువగా ఏ పేటలో పనిచేసిందో అడిగేవాడికీ తెలుసు, చెప్పేవాడికీ తెలుసు. బాప్తిస్మం తీసుకున్నాక కులం అడగడానికి నోరు రాదు. అందుకని మిషన్ అడుగుతాము. పెళ్ళి సంబంధాల దగ్గర ఈ నాటకం చూసి చూసి విసిగిపోయాము.

"మిషన్ పేరు మా చరిత్ర పాస్టరుగారూ, కృతజ్ఞత ఉండొద్దా?" అని పెద్దలు అంటారు. ఉండాలి. కృతజ్ఞత ఉన్నవారు ఏం చేశారో చూడండి. 1903లో నెల్లూరు వైపు తెలుగు బాప్టిస్టులు తమ సొంత సొసైటీ ద్వారా జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు పంపారు, అక్కడి తోటల్లో కూలికి వెళ్ళిన మన తెలుగువారి దగ్గరికి. అదే ఏడాది తిరునెల్వేలి తమిళ విశ్వాసులు సొంత మిషనరీ సొసైటీ పెట్టుకున్నారు. అందులో ముందు నిలిచిన అజరయ్య గారు 1909లో డోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912లో బిషప్ అయ్యారు. తమిళులు మనకు ఒక మనిషిని పంపారు. మన సంఘం గత పదేళ్ళలో ఎవరిని, ఎక్కడికి పంపింది? ప్రహరీ గోడకు చందా మాత్రం రెండుసార్లు ఎత్తాము.

ఈ వేసవిలో మా పక్క ఊరి పెద్దమ్మ ఒకరు ప్రభువునందు నిద్రించారు. మోకాళ్ళ నొప్పితో నడవలేక, చివరి మూడేళ్ళు ఇంటి పక్కనున్న వేరే సంఘంలో ఆరాధించారు. సమాధుల తోట గేటు దగ్గర "ఆవిడ ఇప్పుడు మన మిషన్ కాదు" అన్నారు. ఆమె భర్త సమాధి ఆ తోటలోనే ఉంది. రెండు గంటలు పెట్టె ఎండలో ఉంది. చివరికి కాలువ గట్టున పాతిపెట్టారు.

మన తోట నియమాల కాగితంలో కూడా "మన మిషన్ వారికి మాత్రమే" అని రాసి ఉంది. వచ్చే ఆదివారం ఆరాధన తరువాత కమిటీ కూర్చుంటుంది. ఆ వాక్యం కొట్టివేయాలని మేము ప్రతిపాదిస్తాము. కాదనేవారు కూడా రండి, వచ్చి ఎదురుగా చెప్పండి. ఆ పెద్దమ్మ కుమారుణ్ణి కూడా రమ్మని పిలిచాము.