దోనెలో చేపల తొట్టి

కొల్లేటిలో తెల్లవారుజామున మావులు ఎత్తినప్పుడు కొర్రమీను చేతిలో నిలవదు. అదే చేప గట్టు చేరి బేరం తెగేలోగా కదలిక మానితే దాని ధర పడిపోతుంది. కొర్రమీనుగాని, మార్పుగాని, గొరకగాని కొనేవారు ప్రాణంతో ఉన్నదాన్నే అడుగుతారు. చచ్చినదాన్ని ఐసులో పెట్టినా ఆ ధర రాదన్నది లంక గ్రామాల వారికి కొత్తగా చెప్పవలసిన సంగతి కాదు. దళారికి ఇది మరీ బాగా తెలుసు. గట్టుమీద అతని దగ్గర నీళ్ల తొట్టి ఉంటుంది. పట్టినవాని దోనెలో ఉండదు. కావుననే పట్టినవాడు తొందరపడి ఇచ్చివేస్తాడు, కొన్నవాడు తీరికగా అమ్ముకుంటాడు.

కైకలూరు, ఆకివీడు, ఏలూరు మార్కెట్ల ధర విని, నచ్చిన బేరం వచ్చేవరకు ఒక పూట ఆగగలిగితే ఆ పూటే మత్స్యకారునికి లాభం. ఇందుకు పెద్ద యంత్రాలతో పని లేదు. దోనెలో ఒక తొట్టి చాలు. అయితే చేప స్వభావం తెలియకుండా కట్టిన తొట్టి చేపనూ చంపుతుంది, ఒక్కొక్కప్పుడు దోనెనూ ముంచుతుంది.

కొర్రమీను, మార్పు, గొరక నీటిపైకి మూతి ఎత్తి గాలి పీల్చే జాతులు. ఎగిరి పోతాయన్న భయంతో తొట్టిని అంచులదాకా నింపి, పైన చెక్క బిగించితే అవి నీళ్లలో ఉండి కూడా ఊపిరాడక చస్తాయి. వాటికి వీపు మునిగేటంత నీరు చాలు. ఆపైన జానెడు ఖాళీ, దానిపైన వల బిగించిన చట్రం ఉండాలి. శీలావతి, బొచ్చె సంగతి వేరు. అవి నీటిలో కలిసిన ప్రాణవాయువు మీదనే బ్రతుకుతాయి. 20 డిగ్రీల వేడిలో లీటరు నీరు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టుకోగలదు. 30 డిగ్రీలకు అది ఏడున్నరకు తగ్గుతుంది. ఎండాకాలంలో తొట్టిమీద తడి గోనెసంచి కప్పమనేది అందుకే. చెంబుతో నీరు ముంచి ఎత్తునుంచి మళ్లీ తొట్టిలోనే పోస్తూ ఉంటే గాలి కలుస్తుంది. శక్తి ఉన్నవారు 12 వోల్టుల బ్యాటరీతో నడిచే చిన్న పంపు పెట్టుకోవచ్చును, కాని ఆ బ్యాటరీ తడి తగలని పెట్టెలో ఎత్తున ఉండాలి.

ఏ నీరు పోయాలన్నది కూడా చూసుకోవాలి. గుర్రపుడెక్క దట్టంగా అల్లుకున్న చోట తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు బాగా తగ్గి ఉంటుంది. డ్రెయిన్లు కలిసే మొగల దగ్గర మురుగు ఉంటుంది. తొట్టి నింపేది తేటగా, గాలి ఆడే చోటనే. వేట సాగినంతసేపు చేపను వెదురు బుట్టలో వేసి దోనె పక్కన నీటిలో వేలాడదీస్తే తొట్టి అవసరమే ఉండదు. తిరుగు ప్రయాణానికి మాత్రమే తొట్టిలోకి మార్చవచ్చు. చేతులు తడి చేసుకొని పట్టాలి. పొడి చేయి తగిలితే జిగురు ఊడి పుండు పడుతుంది. చచ్చిన చేపను వెంటనే తీసివేయాలి. కొర్రమీనుతో చిన్న చేపలను కలిపితే ఒడ్డుకు చేరేది కొర్రమీను ఒక్కటే.

అన్నిటికన్నా ముఖ్యమైనది బరువు. 100 లీటర్ల నీరంటే 100 కిలోలు. పైగా నీరు బియ్యం బస్తాలాగా ఒకచోట ఉండదు. దోనె ఒరిగిన వైపే తానూ పరుగెత్తి ఇంకా ఒరగజేస్తుంది. అందుచేత తొట్టి నడుమ, అడుగునకు ఆనించి ఉండాలి. దోనె పొడుగునా సాగే అడ్డుపలకతో దాన్ని రెండు అరలు చేయాలి. 200 లీటర్ల ప్లాస్టిక్ పీపాను నిలువునా కోస్తే అంత పొడవు తొట్టి తయారవుతుంది. కొర్రమీనుకు అందులో మూడో వంతు నీరే ఎక్కువ. ఒంటరిగా సాగే తాటిదోనెకు ఆ పీపా కూడా పెద్దదే, చిన్నది చూసుకోవాలి. దోనె అడుగునకు కన్నాలు వేసి ఏటినీరే లోపల ఆడేటట్లు చేయాలన్న ఆలోచన మాత్రం మానుకోవడం మంచిది. రెండు వైపులా నీరు చొరని గోడలు కట్టగల వడ్రంగి పని అది, ఇంటి పని కాదు.

పీపా గురించి ఒక మాట. గట్లమీద ఖాళీగా పడి ఉండే పురుగుమందు డబ్బాలు చవకగా దొరుకుతాయి. ఎన్నిసార్లు కడిగినా వాటిని వాడరాదు. ఆ చేప బ్రతికినా తినేవారికి ప్రమాదం. వంటనూనె వచ్చిన పీపాలు తీసుకోవాలి. రాగి, జింకు పూసిన రేకులు కూడా చేపకు విషమే. కొత్త చెక్కతొట్టిని కొన్ని రోజులు నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి అప్పుడు వాడాలి.

ఇక ప్రభుత్వం మాట. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది. 2006లో సరస్సులోని చేపల చెరువుల గట్లు కొట్టివేశారు. ఆ తరువాత వలనూ మావునూ నమ్ముకున్నవాని రాబడి పెరగాలంటే ఎక్కువ చేపను పట్టడం దారి కాదు. పట్టినదానికి మంచి ధర రావాలి. 2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో బ్రతికిన చేపలు అమ్మే కేంద్రాలకు సాయం ఉంది, సంప్రదాయ మత్స్యకారులకు పడవలు, వలలు ఇవ్వడానికీ వీలుంది. కాని ఆ కేంద్రానికి చేరవలసిన చేప ముందు దోనెలో బ్రతకాలి గదా. ఇచ్చే పడవలోనే అడ్డుపలకతో, వలమూతతో తొట్టి అమర్చి ఇవ్వడానికి అదనపు ఖర్చు ఏపాటిది? మత్స్యశాఖ వారు రానున్న వేసవికి ముందే లంక గ్రామాల సహకార సంఘాలలో ఒక్కొక్క దోనెకు ఇటువంటి తొట్టి కట్టించి చూపాలి. బరువు వేసి, మనుషులను ఎక్కించి, ఒరుగుతుందో లేదో లోతు లేనిచోట మత్స్యకారుల ఎదుటే పరీక్షించాలి. తొట్టి ఉన్న దోనెకూ లేని దోనెకూ నెలరోజులపాటు వచ్చిన ధరను సంఘం పుస్తకంలో రాయించి, ఆ లెక్కను గ్రామంలో అందరికీ చదివి వినిపించాలి.