చుట్టాలొచ్చారు... దుబాయ్‌కి!

ఇంటికి చుట్టాలొస్తున్నారంటే మీరైతే ఏం చేస్తారు? పక్కింటి పిన్నిగార్నడిగి రెండు మడత మంచాలు తెచ్చుకుంటారు. పాలవాడికి ఇంకో లీటరు పొయ్యమని చెప్తారు. కరివేపాకు పెరట్లో ఉండనే ఉంటుంది. మరి ఒక్క పడగ్గది, ఒక హాలు, జానెడు బాల్కనీ ఉన్న దుబాయ్ ఫ్లాటుకి ఒకేసారి నలుగురు చుట్టాలొస్తే?

పోయిన సంక్రాంతి సెలవులకి మా ఇంట్లో సరిగ్గా అదే జరిగింది. మా అత్తగారు, మావారి అక్క అంటే మా వదిన, అన్నయ్యగారు, తొమ్మిదో తరగతి చదివే వాళ్లబ్బాయి, అందరూ కోనసీమ నుంచి పది రోజులకని వచ్చారు. వాళ్లు నలుగురు, మేం ముగ్గురం. వెరసి ఏడుగురు. స్నానాలగది ఒక్కటే!

నిజం చెప్పొద్దూ, ఆ కబురు వినగానే సంతోషం కన్నా ముందు నాకు గుండెల్లో రాయి పడింది. ఖర్చు సంగతి సరే, ఎలాగో సర్దుకుంటాం. అసలు భయం వదిన గురించి. 2020 ఏప్రిల్‌లో మా మావగారు గుండెపోటుతో పోయారు. మార్చి ఆఖర్లోనే విమానాలన్నీ ఆగిపోయాయి. పెద్దకొడుకై ఉండీ మావారు వెళ్లలేకపోయారు. కర్మ అంతా మా మరిదే చేశాడు. "నాలుగు గంటల ప్రయాణం. అమెరికానా, ఏమన్నానా?" అని వదిన ఒకసారి అంది. అంతే. ఆ తర్వాత రెండుసార్లు ఊరెళ్లాం. మాటలైతే ఉన్నాయి గానీ, తమ్ముడి కళ్లల్లోకి చూసి మాట్లాడ్డం మాత్రం మానేసింది. ఇప్పుడు అత్తగారు "పెద్దాడి కాపురం చూడాలి" అని పట్టుబడితే, తోడుగా బయల్దేరింది.

సరే, ఏర్పాట్లు మొదలెట్టాను. పడగ్గది ఆడవాళ్లకి, హాల్లో పరుపులు మగవాళ్లకి. ఇడ్లీ పిండి రుబ్బి, పులిహోర పులుసు కాచి ముందే ఫ్రిజ్‌లో పెట్టేశాను. ఇలా చేస్తే చుట్టాలున్నన్నాళ్లూ మనం వంటింట్లోనే ఉండిపోనక్కర్లేదు. స్నానాలకి ఎవరు ఎన్నింటికో కాగితం రాసి తలుపుకి అంటించాను. మావారు నవ్వారు గానీ ఆ కాగితమే మమ్మల్ని కాపాడింది!

వాళ్లు బయల్దేరే ముందు ఫోన్లో గట్టిగా రెండు మాటలు చెప్పాను. ఇవి మీకూ పనికొస్తాయి. ఒకటి, గసగసాలు తేవద్దు. మన వంటింట్లో మామూలు సరుకే గానీ, ఈ దేశంలో నిషేధం. మసాలా పొడిలో కలిపి తెచ్చినా తప్పే. రెండు, మందులు తెచ్చుకుంటే డాక్టరు చీటీ కూడా ఉండాలి. మన దగ్గర మామూలుగా దొరికే కొన్ని నొప్పి మాత్రలు, దగ్గు మందులకి ఇక్కడ కట్టుబాట్లున్నాయి. ముందే కనుక్కోవాలి.

మొదటి రోజు తెల్లవారుజామున గిన్నెల చప్పుడికి ఉలిక్కిపడి లేచాను. చూస్తే అత్తగారు స్నానం చేసి, పొయ్యి ముందు నిలబడి ఉన్నారు. "నాలుగైంది కదే!" అన్నారు. ఆవిడ చేతి గడియారంలో నాలుగే. కానీ ఇక్కడ టైము మనకన్నా గంటన్నర వెనక కదండీ, రెండున్నర! నా కాగితం ఆవిడకి వర్తించదని అప్పుడే అర్థమైంది.

ఊరు చూపించడం ఇంకో ముచ్చట. డ్రైవరు లేని మెట్రో రైలు చూసి మేనల్లుడు గంతులేశాడు. ఆనక జేబులోంచి చేగోడీలు తీశాడు. రైల్లో ఏం తిన్నా, తాగినా జరిమానా! చటుక్కున వాడి చెయ్యి పట్టుకుని ఆపాను. బుర్జ్ ఖలీఫా 828 మీటర్లు. పైకెక్కడానికి టిక్కెట్టు బాగా ఖరీదు. కింద నించుని తలెత్తి చూడ్డానికి పైసా ఖర్చు లేదు. మేం ఆ పనే చేశాం.

అత్తగారికి అన్నిటికన్నా నచ్చింది ఏమిటో చెప్పుకోండి? అబ్రా. అంటే బర్ దుబాయ్ నుంచి దేరా వైపుకి క్రీక్ దాటించే చెక్క పడవ. మనిషికి ఒక్క దిర్హమ్. "మన గోదావరి మీద పంటులా ఉందే!" అని చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని, చిన్నపిల్లలా వచ్చీపోయీ మూడుసార్లు ఎక్కారు. నేనిక్కడికొచ్చి పదిహేనేళ్లు. అబ్రా ఎక్కడం నాకూ అదే మొదటిసారంటే నమ్ముతారా? చుట్టాలు రాకపోతే మనం ఉన్న ఊరు మనమే చూడం.

భోగి ముందు రోజు మధ్యాహ్నం. మగవాళ్లు బయటికెళ్లారు. అత్తగారు లోపల నడుం వాల్చారు. నేనూ వదినా భోజనాల బల్ల దగ్గర కూర్చుని గోంగూర ఒలుస్తున్నాం. ఉన్నట్టుండి వదిన, "నాన్న పోయిన రోజు వాడెక్కడున్నాడు?" అంది.

"ఇక్కడే వదినా. మీరు కూర్చున్న కుర్చీలోనే" అన్నాను.

ఆ పూట జరిగిందంతా చెప్పాను. ఫోను నీళ్లచెంబుకి ఆనించి పెట్టుకుని చూశాం. సరిగ్గా చితికి నిప్పు పెట్టే వేళకి బొమ్మ ఆగిపోయింది. మళ్లీ కలిసేసరికి అంతా అయిపోయింది. అప్పుడు దుబాయ్‌లో గడప దాటాలన్నా పర్మిట్ కావాలి. మంగలి షాపులు మూసేశారు. పదోనాడు ఆయన ఇదే కుర్చీలో కూర్చుంటే, వంటింటి కత్తెరతో ఆయన జుట్టు నేనే కత్తిరించాను. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. నన్నూ చెప్పనివ్వలేదు.

వదిన ఏమీ అనలేదు. తలొంచుకుని ఆకంతా ఒలిచేసింది. రాత్రి భోజనాల దగ్గర మాత్రం తమ్ముడి కంచంలో గోంగూర పచ్చడి తనే వడ్డించి, పైన నూనె వేసి, "తినరా, ఎంత చిక్కిపోయావో" అంది, మొహంలోకి చూసి. మావారు దించిన తల ఎత్తలేదు. నేను మజ్జిగ తెచ్చే నెపంతో వంటింట్లోకెళ్లి కళ్లు తుడుచుకున్నాను.

భోగినాడు అత్తగారు ఫ్లాటు గుమ్మం ముందు బియ్యప్పిండితో ముగ్గేశారు. వరండా తుడిచే బంగ్లాదేశ్ అబ్బాయి దాన్ని తొక్కకుండా చుట్టూ తుడుచుకుంటూ పోయాడు. ఎదురింటి మలయాళీ ఆవిడ ఫోటో తీసుకుంది. మా అమ్మాయి నానమ్మ దగ్గర చుక్కలు పెట్టడం నేర్చుకుంది.

వాళ్లు వెళ్లిపోయాక ఇల్లు బావురుమంది. ఇరుకని విసుక్కున్న హాలే ఇప్పుడు మైదానంలా కనిపిస్తోంది. స్నానాల కాగితం తలుపు మీద ఇంకా అలాగే ఉంది. తియ్యబుద్ధి కాలేదు.

మీ పిల్లలో, తోబుట్టువులో దేశం కాని దేశంలో ఉంటే ఒక్కసారి వెళ్లి రండమ్మా. ఆకాశాన్నంటే మేడలు ఫోటోల్లోనూ కనిపిస్తాయి. వాళ్లెక్కడ కూర్చుని అన్నం తింటున్నారో, కష్టమొచ్చినప్పుడు ఎక్కడ కూర్చుని ఏడ్చారో వెళ్తేగానీ తెలీదు. మా ఇంటికి చుట్టాలొస్తే కలిగే అసలు సంతోషం అదే.

అన్నట్టు, వచ్చేటప్పుడు ఆవకాయ తేవడం మర్చిపోకండి. గసగసాలు మాత్రం వద్దు!