రుక్కా బరువు ఎంత ఉండాలి?

షవ్వాల్ నెల ప్రవేశించగానే మన మొహల్లాల్లో పెళ్ళిళ్ళ సందడి మొదలవుతుంది. రంజాన్ ఉపవాసాలు ముగించుకున్న కుటుంబాలు పండుగ అలసట తీరకముందే నికాహ్ తేదీల గురించి, ఫంక్షన్ హాళ్ళ గురించి, వంటవాళ్ళ గురించి మాట్లాడుకోవడం ప్రారంభిస్తాయి. ఈ పనులన్నింటిలో అతి చిన్నదిగా కనిపించి, చివరకు ఇంట్లో పెద్ద తగాదాకు కారణమయ్యే పని ఒకటుంది. అదే రుక్కా, అంటే పెళ్ళి కార్డు.

ఇటీవల మాకు పరిచయమున్న ఒక పెద్దమనిషి రెండు కార్డులు పట్టుకుని వచ్చారు. ఆయన వరంగల్ వైపు ఒక పట్టణంలో స్కూటర్ మెకానిక్. పెద్దమ్మాయి నికాహ్ కుదిరింది. మొదటి కార్డు నిజానికి కార్డు కాదు, ఒక పెట్టె. మఖ్మల్ గుడ్డ, బంగారు రంగు అక్షరాలు, లోపల బాదం పప్పుల కోసం రెండు అరలు. ఒక్కొక్కటి 120 రూపాయలు. నాలుగు వందలు కావాలి కనుక 48,000 రూపాయలు. మగపెళ్ళివారి బంధువుల ఇంట్లో జరిగిన పెళ్ళికి ఇలాంటిదే చేయించారట. రెండవది ఒక తెల్ల కాగితం. పెళ్ళికూతురు తన చేతితో ఒకవైపు ఉర్దూలోనూ, మరొకవైపు తెలుగులోనూ రాసింది. చుట్టూ చిన్న లతలు గీసింది. "అబ్బా, ఇదే చాలు" అంటోందట ఆ అమ్మాయి. "భాయ్ సాబ్, ఇది పంపితే నలుగురూ నవ్వరు కదా?" అని ఆయన మమ్మల్ని అడిగారు.

ఆ ప్రశ్న ఆయన ఒక్కరిది కాదని మాకు తెలుసు. అందుకే ఈ వారం దీని గురించి రాయదలిచాం.

తెలంగాణ ప్రభుత్వం 2014లో షాదీ ముబారక్ పథకాన్ని 51 వేల రూపాయలతో ప్రారంభించి, 2018లో ఆ మొత్తాన్ని 1,00,116 రూపాయలకు పెంచింది. ఆడపిల్ల పెళ్ళి పేద తండ్రిని అప్పులపాలు చేయకూడదన్నదే దాని ఉద్దేశం. ఆ మొత్తంలో దాదాపు సగం ఒక్క కార్డులకే పోతే, ఆ సహాయం ఎవరికి అందినట్టు? కూతురికా, పెట్టెలు అమ్మే దుకాణానికా?

నికాహ్‌కు ఏమేమి కావాలో మన ధర్మం స్పష్టంగా చెప్పింది. వధువు సమ్మతి, ఈజాబ్ ఖుబూల్, సాక్షులు, మెహర్. ఈ జాబితాలో కార్డు ఎక్కడా లేదు. అయితే నికాహ్ రహస్యంగా జరగకూడదు, నలుగురికీ తెలియాలి అన్న ఆదేశం మాత్రం ఉంది. రుక్కా పని అంతవరకే. ఫలానావారి బిడ్డకు, ఫలానావారి బిడ్డతో, ఫలానా రోజు నికాహ్ అని తెలియజేయడం, దయచేసి రమ్మని పిలవడం. ఆ పని తెల్ల కాగితం ఎంత బాగా చేస్తుందో, మఖ్మల్ పెట్టె కూడా అంతే బాగా చేస్తుంది. మిగిలినదంతా మన గొప్ప చెప్పుకోవడానికే.

హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) మదీనాలో వివాహం చేసుకున్న సంగతి హదీసు గ్రంథాల్లో ఉంది. ఆయన వస్త్రంపై పసుపు రంగు సుగంధం మరక చూసి దైవప్రవక్త (స) ఏమిటని అడిగాకే ఆయనకు పెళ్ళయిన విషయం తెలిసింది. అంటే అదే పట్టణంలో ఉన్న దైవప్రవక్త (స) కు కూడా ముందుగా పిలుపు అందలేదు. అయినా ఆయన నొచ్చుకోలేదు. శుభం కలగాలని దీవించి, ఒక్క గొర్రెతోనైనా సరే వలీమా ఇవ్వమని చెప్పారు. ఈనాడు మన సంగతేమిటి? కార్డు వచ్చినా దానిపై మన పేరు ముందు 'జనాబ్' లేదని, కార్డు ఇంటి పెద్ద తేలేదని, కుర్రవాడితో పంపారని అలుగుతున్నాం. అలిగే చుట్టాలకు భయపడి పెళ్ళివారు పెట్టెలు కొంటున్నారు. ఈ దుబారాలో కొన్నవారికి ఎంత బాధ్యత ఉందో, అలిగేవారికీ అంతే బాధ్యత ఉంది.

హజ్రత్ జైనబ్ (రజి) వివాహ సందర్భంలో దైవప్రవక్త (స) బాలుడైన హజ్రత్ అనస్ (రజి) ని పిలిచి, కొందరి పేర్లు చెప్పి, వారితో పాటు దారిలో ఎదురైన వారందరినీ పిలుచుకు రమ్మని పంపారు. సుమారు మూడు వందల మంది వచ్చారు. పిలుపు తీసుకెళ్ళినది ఒక పిల్లవాడు. పిలుపు అందుకున్నవారిలో దారిన పోయేవారూ ఉన్నారు. ధనికులను పిలిచి పేదలను వదిలేసిన వలీమా భోజనాన్ని అత్యంత చెడ్డ భోజనంగా ఆయన పేర్కొన్నారన్నది మరువరాదు.

ఖరీదైన కార్డుతో వచ్చే అసలు నష్టం ఇక్కడే ఉంది. 120 రూపాయల పెట్టెను ఎవరూ అందరికీ పంచలేరు. అందుకే చాలామంది రెండు రకాలు చేయిస్తున్నారు. పలుకుబడి ఉన్నవారికి పెట్టె, మిగతావారికి మామూలు కార్డు. ఒకే వీధిలో కాంట్రాక్టర్ ఇంటికి బాదం పప్పులు, పక్కింటి కుట్టుపని చేసుకునే బేవాకు పలుచని కాగితం. మసీదు సఫ్‌లో భుజం భుజం కలిపి నిలబడినవారిని మన గుమ్మం దగ్గర ఇలా విడదీస్తున్నాం. ఇంకా ఖరీదు పెరిగితే ఆ పలుచని కాగితం కూడా ఆ ఇంటికి చేరదు. కార్డులు అయిపోయాయన్న మాటతో ఒక పేదింటి పేరు జాబితాలోంచి పోతుంది.

అలాగని ఇంట్లో చేసుకున్నదంతా మంచిదని, దుకాణంలో చేయించినదంతా చెడ్డదని మేము అనడం లేదు. ఇంట్లో చేస్తున్నామని చెప్పి ఖరీదైన కాగితాలు, రిబ్బన్లు, ముత్యాలు కొని, చివరకు దుకాణం ఖర్చును మించినవారు ఉన్నారు. అది కూడా ఆడంబరమే. చేతిరాతలో పొరపాట్లూ దొర్లుతాయి. నాలుగు వందల ప్రతులు రాసేటప్పుడు ఒకచోట తేదీ మారినా, ఫంక్షన్ హాలు పేరు తప్పినా అతిథులు ఇబ్బంది పడతారు. పెళ్ళికూతురు చేతులు నొప్పి పుట్టేలా రాయడమూ సబబు కాదు.

ఇంకొక విషయం కూడా ఆలోచించాలి. హైదరాబాద్ ఛత్తా బజార్‌లో పెళ్ళి రుక్కాలు ముద్రించే చిన్న చిన్న ప్రెస్సులు ఉన్నాయి. ఒకప్పుడు అక్కడ కాతిబ్‌లు కలంతో నస్తాలీఖ్ రాస్తే, దాన్ని అచ్చు వేసేవారు. 1990 దశకంలో ఇన్‌పేజ్ వంటి సాఫ్ట్‌వేర్లు వచ్చాక ఉర్దూ పత్రికలు కంప్యూటర్‌కు మారాయి. కాతిబ్‌ల పని తగ్గిపోయింది. ఆ తరువాత కూడా రుక్కాల రాతపై ఆధారపడి కొందరు ఆ కళను నిలబెట్టుకుంటూ వచ్చారు. ఇప్పుడు ఫోన్‌లో బొమ్మ పంపి పెళ్ళికి పిలిచే పద్ధతి వచ్చాక ఈ ప్రెస్సులకూ గిరాకీ తగ్గుతోంది. చిన్న ప్రెస్సులో ఒక రంగులో అచ్చు వేయించిన సాదా కార్డు ఒక కార్మికుడి ఇంటికి అన్నం పెడుతుంది. దుబారా వద్దనడమంటే వారి పని వద్దనడం కాదు.

ఫోన్ ఆహ్వానాన్నీ మేము తప్పుపట్టడం లేదు. జిద్దాలోనో, దుబాయిలోనో ఉన్న తమ్ముడికి అదే సరైన మార్గం. కానీ గోడకు అవతల ఉన్న పొరుగువారికి కూడా అదే బొమ్మ పంపి ఊరుకోవడం సబబు కాదు. గుమ్మం ఎక్కి సలాం చెప్పి పిలిచే పిలుపుకు అది సాటి రాదు.

ఇక కార్డుపై ఏమి రాయాలన్నది మరో విషయం. హజ్రత్ సులైమాన్ (అ) సబా రాణికి పంపిన లేఖ అల్లాహ్ నామంతో మొదలైనట్టు దివ్య ఖుర్ఆన్ తెలుపుతోంది. కనుక లేఖపై బిస్మిల్లా రాయడాన్ని ఎవరూ ఆక్షేపించరు. కానీ పెళ్ళి అయిన మర్నాడు ఆ కార్డులు ఎక్కడ ఉంటున్నాయో మనం చూస్తూనే ఉన్నాం. ఫంక్షన్ హాలు మెట్ల మీద, చెత్తకుండీలో, మురుగు కాలువ పక్కన. బంగారు అక్షరాలతో ఆయతు అచ్చు వేయించినవారు ఈ అగౌరవానికి ఎవరిని తప్పుపడతారు? ఆయతులు గుండెల్లో ఉంచుకుని, కార్డుపై విషయం మాత్రం రాస్తే చాలదా?

పాత రుక్కాల్లో పెళ్ళికూతురి పేరు రాయకుండా 'నూర్-ఎ-చష్మీ' అని సరిపెట్టడం ఆనవాయితీ. నికాహ్ సమయంలో ఖాజీ సాహెబ్ ఏ పేరు పలికి సమ్మతి అడుగుతారో, ఆ పేరు కార్డుపై ఉండడంలో తప్పేమీ లేదని మా అభిప్రాయం. ఉర్దూ చదవలేని ముస్లిం కుటుంబాలు మన జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి. పిలవవలసిన హిందూ, క్రైస్తవ స్నేహితులూ ఉంటారు. కనుక తెలుగు తప్పనిసరిగా ఉండాలి. అన్నింటికన్నా ముఖ్యం, కార్డుపై రాసిన వేళ. 'ఇషా నమాజు తరువాత' అని అచ్చు వేసి, అర్ధరాత్రి దాటాక భోజనం వడ్డిస్తే ఆ కార్డు ఎంత ఖరీదైనదైనా అబద్ధం చెప్పినట్టే. ఇచ్చిన మాట గురించి ప్రశ్నించబడతామని దివ్య ఖుర్ఆన్ హెచ్చరించింది. వేళ కూడా అతిథికి ఇచ్చిన మాటే.

ఆ పెద్దమనిషికి మేము చెప్పింది ఇదే. అమ్మాయి రాసిన ఆ ఒక్క కాగితాన్ని మరొకసారి పెద్దలతో సరిచూయించి, దగ్గరలోని చిన్న ప్రెస్సులో నాలుగు వందల ప్రతులు వేయించండి. రెండు రకాలు వద్దు, అందరికీ ఒక్కటే. పంచడం వీధి చివరి ఇంటి నుంచి, అందరికన్నా పేదవారి గుమ్మం నుంచి మొదలుపెట్టండి. మగపెళ్ళివారికి మీరే స్వయంగా వెళ్ళి, ఇది మా బిడ్డ చేతిరాత అని చెప్పండి. ఆయన లెక్క వేసి చూశారు. కార్డుకు 8 రూపాయల చొప్పున 3,200 అవుతుంది. మిగిలే 44,800 రూపాయలను అమ్మాయి పేరిట జమ చేస్తానని చెప్పి వెళ్ళారు.

మగపెళ్ళివారు ఏమంటారో మాకు తెలియదు. ముఖం చిట్లించినా చిట్లించవచ్చు. అందుకే ఈ మాట ముఖ్యంగా మగపిల్లల తల్లిదండ్రులకు చెప్పవలసి ఉంది. కాబోయే కోడలి ఇంటి నుంచి సాదా రుక్కా వస్తే దాన్ని కళ్ళకద్దుకుని, మీ కార్డు కూడా అంతే సాదాగా చేయించండి. మీరు ఒక్క మాట అంటే చాలు, ఒక తండ్రి నెత్తిమీద బరువు దిగిపోతుంది. ఈ షవ్వాల్‌లో ఆ ఒక్క మాట అనగలిగే మనసు అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక.