ఎవరు ప్రవాసి, ఎవరు కూలి?

ఇటీవల కడపలో ఒక సాహిత్యసభకు వెళ్ళాను. ప్రవాసాంధ్ర సాహిత్యాన్ని గురించి మాట్లాడిన పెద్దమనిషి ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. అమెరికా వెళ్ళినవాడు ప్రతిభతో వెళ్ళాడట. అక్కడ స్థిరనివాసాన్నీ, పౌరసత్వాన్నీ సంపాదించుకొన్నాడట. కాబట్టి అతడు ప్రవాసి, అతని రచన ప్రవాస సాహిత్యం. కువైటు వెళ్ళినవాడు నాలుగు రాళ్ళు సంపాదించుకోడానికి వెళ్ళాడు, ఎప్పటికైనా తిరిగివస్తాడు. కాబట్టి అతడు వలసకూలి, అతని గోడు సాహిత్యం కాదు, సామాజిక సమస్య. సభ చప్పట్లు కొట్టింది. నా చేతులు లేవలేదు. ఎందుకు లేవలేదో చెప్పడానికే ఈ వ్యాసం.

నేను పాఠం చెప్పే కాలేజీకి రాజంపేట, రాయచోటి, పుల్లంపేట ప్రాంతాల పిల్లలు వస్తారు. "మా వూరు" అన్న అంశంమీద వ్యాసం రాయమంటే ఒక విద్యార్థిని ఇలా మొదలుపెట్టింది: "మాయమ్మ నాకు అయిదేండ్లప్పుడు కువైటుకు పొయ్యింది." ఆ పిల్లకు ఇప్పుడు పంతొమ్మిదేళ్ళు. ఈ పద్నాలుగేళ్ళలో ఆ తల్లి పరాయి ఇంట పిల్లలను ఎత్తుకొని పెంచింది. ఆ పిల్లలు ఆ దేశపు పౌరులు. ఆమె మాత్రం ఈనాటికీ అకామా పొడిగింపుకోసం యజమాని సంతకానికి ఎదురుచూసే మనిషి.

"తిరిగివస్తారు కనుక ప్రవాసులు కారు" అనడం తర్కాన్ని తలకిందులు చేయడమే. ఉండనివ్వరు కనుక తిరిగివస్తున్నారు! కువైటు పౌరసత్వ చట్టం 1959 నాటిది. 1920కి ముందునుంచి అక్కడ కాపురమున్నవారినే అది మూల పౌరులుగా గుర్తించింది. బయటివారికి కాగితంమీద ఒక సందు ఉన్నా, దానికి పెట్టిన షరతుల్లో మతం కూడా ఒకటి. మన డ్రైవరుకూ, మన ఖద్దామాకూ ఆ సందు ఏనాడూ తెరుచుకోదు. వారి నివాసం కఫీలు పేరుతో ముడిపడి ఉంటుంది. చెప్పకుండా పని వదిలితే పరారీ కేసు. ఆనాటినుంచి ఆ మనిషి పేరు ఖల్లివెల్లి. 2015లో ఇంటిపనివారికోసం ఒక చట్టం చేసి పనిగంటలకు హద్దు పెట్టారు, వారానికొక సెలవు ఇమ్మన్నారు. మంచిదే. కాని నివాసపు ముడి యజమాని చేతిలోనే ఉంచారు. 2021 నుంచి, అరవై నిండి డిగ్రీ లేనివారికి అనుమతి పొడిగించరాదన్నారు. తరువాత సడలించి, ఏటా 250 దినార్లూ, ఆపైన బీమా సొమ్మూ కట్టమన్నారు. యౌవనాన్ని కొనుక్కొని వార్ధక్యాన్ని తిప్పిపంపే బేరం కాక ఇదేమిటి?

ఇక ప్రతిభ సంగతి చూద్దాం. 1923లో అమెరికా సుప్రీంకోర్టు భగత్‌సింగ్ థిండ్ కేసులో, భారతీయుడు తెల్లవాడు కాడు గనుక పౌరుడు కావడానికి వీల్లేదని తీర్పు చెప్పింది. ఆ థిండ్ అమెరికా సైన్యంలో పనిచేసినవాడు, చదువుకొన్నవాడు. 1946లో తలుపు ఓరగా తీశారు: ఏడాదికి వందమంది. 1965 చట్టం జాతీయతనుబట్టి కోటాలు పెట్టే పద్ధతిని రద్దుచేసింది. ఈ నలభైరెండేళ్ళలో భారతీయుని మెదడు పెరిగిందా? లేదు. నల్లజాతి ప్రజల పౌరహక్కుల పోరాటం జాతివివక్ష పునాదులను కదిలించింది; పెట్టుబడికి చదువుకొన్న చేతులు కావలసివచ్చాయి. మన ఇంజనీర్లు నడిచివెళ్ళిన దారిలో ఇతరుల నెత్తురుంది. దాన్ని ప్రతిభ అని మరిచిపోవడం కృతఘ్నత.

ఆ ఇంజనీరు మాత్రం సుఖంగా ఉన్నాడా? 1990 చట్టం అతనికి హెచ్-1బి వీసా ఇచ్చింది. గడువు మొత్తం ఆరేళ్ళు. స్థిరనివాసానికి దరఖాస్తు పెట్టేది సాధారణంగా అతడు కాదు, అతని యజమాని. ఉద్యోగాలమీద ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డులు సుమారు 1,40,000. ఏ ఒక్క దేశానికీ ఏడు శాతం మించరాదు. జనాభా ఎంతైనా లెక్క ఒకటే. అందుకే కర్నూలునుంచి వెళ్ళిన కుర్రవాడు ఆ వరుసలో నిలబడే నడివయసు దాటుతాడు. ఉద్యోగం పోతే మిగిలేది అరవై రోజులు. చిన్నప్పుడు వెంట తీసుకువెళ్ళిన బిడ్డ ఇరవైఒకటో ఏట ఆ వరుసనుంచి జారిపోవచ్చు. కఫీలు గౌను వేసుకొంటే కువైటు, సూటు వేసుకొంటే కాలిఫోర్నియా! తేడా లేదని నేననను. అమెరికాలో వరుస ఎంత పొడవైనా దానికి చివర ఉంది. గ్రీన్‌కార్డు వచ్చిన అయిదేళ్ళకు పౌరసత్వం అడగవచ్చు. కువైటులో వరుసే లేదు. కాని ఈ తేడాను చేసినది చట్టం, మనిషి యోగ్యత కాదు.

ఆ చట్టమైనా నిలకడగా ఉందా? 2025 జనవరిలో, తాత్కాలిక వీసాలమీద ఉన్నవారికి అమెరికాలో పుట్టే బిడ్డలకు పౌరసత్వం లేదంటూ ఉత్తర్వు వెలువడింది. కోర్టులు దాన్ని అడ్డుకొన్నాయి. అదే ఏడాది సెప్టెంబరు 19న, కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టమన్నారు. ఆ రోజే, పదిలక్షల డాలర్లు సమర్పించినవారికి స్థిరనివాసం ఇచ్చే బంగారు కార్డు ప్రకటించారు. సౌదీ అరేబియా 2019లోనే ఎనిమిది లక్షల రియాళ్ళకు శాశ్వత నివాసం అమ్మకానికి పెట్టింది. ప్రతిభ ముసుగు తీస్తే కనిపించేది ధర!

మన ప్రభుత్వం తక్కువ తిన్నదా? పరాయి పౌరసత్వం పుచ్చుకొన్నవారికి 2005 నుంచి జీవితాంతం వీసా అక్కరలేని కార్డు ఇస్తున్నది. నాకు ఆక్షేపణ లేదు. కాని భారత పౌరురాలిగానే మిగిలిన ఆ ఖద్దామాకు ఏమిచ్చింది? 2010 సవరణ ఆమె పేరు ఓటర్ల జాబితాలోకి ఎక్కించుకోనిచ్చింది. ఓటు వేయాలంటే మాత్రం విమానమెక్కి వచ్చి స్వగ్రామంలో నిలబడాలి. 2019లో మన పౌరసత్వ చట్టంలోనే మతాన్ని కొలబద్ద చేశాం. ఇక కువైటు పెట్టిన మతషరతును ఏ నోటితో ఖండిస్తాం?

"అంత బాధపడి పోవడమెందుకు?" అనేవారు ఒకసారి కోసిగికీ, ఆదోనికీ వెళ్ళి చూడండి. వాన మొహం చాటేస్తే ఇళ్ళకు తాళాలు పడతాయి. ముసలివాళ్ళను వదిలి కుటుంబాలు గుంటూరుకు మిరపకాయలు కోయడానికి పోతాయి. దేశంలో ఎక్కడైనా స్థిరపడే హక్కు రాజ్యాంగం 19వ అధికరణలో ఉంది. వారి కాపురం మాత్రం చేనిగట్టున పట్టల కింద. ఈ నేలను ఇలా ఎండబెట్టినవారు పోయేవాణ్ణి నిందించరాదు.

ఒక దేశంలో ఏళ్ళ తరబడి శ్రమపడ్డవారికి ఆ దేశంలో నిలిచి ఉండే హక్కు ఉండాలి. అది యజమాని భిక్ష కారాదు. ఇది రాజకీయ కర్తవ్యం. సాహిత్య కర్తవ్యం అంతకన్న సులభం: వీసా చూసి రచయితను వర్గీకరించడం మానుకోవాలి. విమర్శకుడు ఇమిగ్రేషను గుమాస్తా కారాదు. మన ప్రవాస సంకలనాల సంపాదకులను వొక్క ప్రశ్న అడుగుతున్నాను. "మాయమ్మ నాకు అయిదేండ్లప్పుడు కువైటుకు పొయ్యింది" అన్న ఆ వ్యాసాన్ని మీరు ఏ అధ్యాయంలో చేరుస్తారు?