అంతర్జాలంలో కౌలు సేద్యం

మొన్నామధ్య మా పెదనాన్నగారి పెద్దబ్బాయి, అంటే మా అన్నయ్య, గుడివాడ దగ్గర పల్లె నుంచి కొడుకుని వెంటబెట్టుకుని వచ్చాడు. కుర్రాడు బీటెక్ చదివి హైదరాబాద్‌లో రెండేళ్లు ఉద్యోగం చేసి, మానేసి ఇంటికొచ్చాడు.

"బెజవాడలో వెబ్ హోస్టింగ్ వ్యాపారం పెడతాడటరా. పది లక్షలన్నా కావాలంటున్నాడు. కాలవ కింద అరెకరం బేరానికి పెట్టాను. నువ్వొక మాట చెప్పు" అన్నాడు అన్నయ్య.

కుర్రాడు జేబులోంచి కాగితం తీశాడు. సర్వర్లు నాలుగు, ఏసీలు రెండు, పెద్ద ఇన్వర్టరు, బీసెంట్ రోడ్డు దగ్గర ఒక గది అద్దె... వరసగా రాసుకున్నాడు.

"ముందు ఆ బేరం ఆపు అన్నయ్యా" అన్నాను.

ఈ వ్యాపారమంటే చాలామందికి అపోహే. హోస్టింగ్ అంటే సొంత యంత్రాలు కొని గదిలో పెట్టుకోవడం అనుకుంటారు. నిజానికి ఒక దుకాణం తాలూకు వెబ్‌సైట్, ఈమెయిళ్లు ఇరవైనాలుగు గంటలూ అందుబాటులో ఉండేలా చోటిచ్చి కాపలా కాయడమే హోస్టింగ్. ఈ రంగంలో 99.9 శాతం సమయం సైట్ నడుస్తుందని మాటివ్వడం ఆనవాయితీ. ఏడాదికి 8,760 గంటలు. అందులో 0.1 శాతం అంటే ఎనిమిది గంటల ముప్పావు. మన గదిలో ఎండాకాలం నాలుగుసార్లు కరెంటు పోయి ఇన్వర్టరు మొరాయిస్తే ఆ ఏడాది మాట అక్కడితో సరి!

అందుకే చిన్నవాళ్లెవరూ భూమి కొనరు. కౌలుకు తీసుకుంటారు. డేటా సెంటర్ అనే ఆసామి దగ్గర సర్వర్‌నో, అందులో కొంత భాగాన్నో నెల అద్దెకు తీసుకుని, దాన్ని చిన్నచిన్న మడులుగా విడగొట్టి ఖాతాదారులకిస్తారు. దీన్నే రీసెల్లర్ పద్ధతి అంటారు. ఇలాంటివాళ్లకి టోకున డొమైన్లు, చోటు ఇచ్చే సంస్థలూ ఉన్నాయి. ముంబైలో భవిన్, దివ్యాంక్ తురఖియా అనే అన్నదమ్ములు ఇరవై ఏళ్లయినా నిండకుండానే, 1998లో తండ్రి దగ్గర 25,000 రూపాయలు తీసుకుని మొదలుపెట్టిన డైరెక్టి అలాంటిదే. దాని హోస్టింగ్, డొమైన్ల వ్యాపారాన్ని 2014లో అమెరికాకు చెందిన ఎండ్యూరెన్స్ కొనేసింది. మనవైపు చూస్తే, శ్రీధర్ పిన్నపురెడ్డి 2007లో హైదరాబాద్‌లో ప్రారంభించిన కంట్రోల్‌ఎస్ దేశంలోని పెద్ద డేటా సెంటర్ సంస్థల్లో ఒకటిగా ఎదిగింది. అలాంటి భవంతులు కట్టడం వేరు, వాటిలో ఓ మూల కౌలుకు తీసుకోవడం వేరు. మనవాడు చేయగలిగింది రెండోది.

కౌలు సేద్యంలో కష్టాలు అన్నయ్యకు నేను చెప్పాలా? కాలవ మొదట్లో ఉన్నవాడు తూములు బార్లా తెరిస్తే, చివర ఉన్న దివిసీమ చేలకు నీళ్లందవు. ఒకే సర్వర్ మీద వందల సైట్లు పెట్టినా అంతే. ఒకడి సైట్‌కి జనం పోటెత్తితే పక్కవాడి సైట్ నత్తనడక నడుస్తుంది. లాభం చూసుకుని కిక్కిరిసేలా నింపడమే ఈ వ్యాపారంలో మొదటి పాపం.

రెండో పాపం సంగతి నా కళ్లతో చూశాను. నా మిత్రుడొకడు 2006లో గవర్నర్‌పేటలో ఓ మేడమీద గదిలో ఈ పని మొదలుపెట్టాడు. అంతకుముందు ఏడాదే డాట్ ఇన్ పేర్ల నమోదు విధానాన్ని సరళం చేశారు. కాలేజీలు, ట్రావెల్స్, మచిలీపట్నం రోల్డ్‌గోల్డ్ వర్తకులు... మూడేళ్లలో అరవైకి పైగా ఖాతాలు వచ్చాయి. సర్వర్ ఎక్కడో అమెరికాలో. 2009లో ఒకరోజు తెల్లవారుజామున దాని డిస్కులు పాడైపోయాయి. అద్దెకిచ్చిన సంస్థ ఒప్పందంలో ఓ వాక్యం చూపించింది: నకళ్లు దాచుకోవడం అద్దెదారు బాధ్యత. మావాడి దగ్గర నకళ్లున్నాయి. కాకపోతే అవి కూడా అదే సర్వర్‌లో ఉన్నాయి!

వారం రోజులు నిద్రలేదు. పాత వెబ్ పేజీలను భద్రపరిచే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వెతికి కొన్ని పేజీలు, ఖాతాదారుల బీరువాల్లోని సీడీల నుంచి మరికొన్ని పోగేశాడు. పేజీలైతే దొరికాయి గానీ ఈమెయిళ్లు పోయాయి. బందరు వర్తకుడొకాయనకు వచ్చిన ఆర్డర్లన్నీ వాటిలోనే ఉన్నాయి. మావాడు స్కూటర్ వేసుకుని బందరు వెళ్లి, ఆయన ఎదుట కూర్చుని జరిగింది చెప్పి, ఏడాది సొమ్ము చేతిలో పెట్టాడు. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదట. తర్వాత "డబ్బు సరే, మాట పోయింది కదయ్యా" అన్నాడట. ఖాతాదారుల్లో సగంమంది మిగిలారు. ఆ వర్తకుడు మాత్రం మళ్లీ రాలేదు.

1977 ఉప్పెన చూసినవాళ్లున్న సీమ మనది. విత్తనాలన్నీ ఒకే గాదెలో పెట్టకూడదని మనకి ఒకరు చెప్పాలా? అయినా కంప్యూటర్ దగ్గరికొచ్చేసరికి మరచిపోతాం. నకలు మూడుచోట్ల ఉండాలి. అందులో ఒకటి వేరే ఊళ్లో, వేరే సంస్థ దగ్గర ఉండాలి. నెలకోసారి దాన్ని తెరిచి, నిజంగా పనిచేస్తోందో లేదో చూడాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు ఎన్ని దుకాణాల్లో కంప్యూటర్లు తడిసిపోయాయో! లెక్కలూ, ఉత్తరాలూ మరోచోట కూడా దాచుకున్నవాళ్లు నీళ్లు తీశాక మళ్లీ పని మొదలుపెట్టుకోగలరు. హోస్టింగ్ అమ్మేవాడు నిజానికి అమ్మేది ఆ నిశ్చింతనే.

"మరి పెద్ద కంపెనీలు అంత చవగ్గా ఇస్తుంటే మన దగ్గరికి ఎవరొస్తారు బాబాయ్?" అన్నాడు కుర్రాడు. మంచి ప్రశ్న. గోడాడీ 2012లో భారత్‌లోకి వచ్చింది. ఒకప్పుడు చిన్నవాళ్లకు నాలుగు రూపాయలు మిగిల్చిన భద్రతా సర్టిఫికెట్లను లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2015 చివరి నుంచి ఉచితంగా ఇస్తోంది. 2019లో సీప్యానెల్ సంస్థ ఖాతాల సంఖ్యను బట్టి రుసుము వసూలు చేసే పద్ధతి తెచ్చింది. పంట చేతికొచ్చే వేళ కౌలు పెంచినట్టయింది చాలామందికి. ధరలో పోటీపడితే చిన్నవాడు మునగడం ఖాయం.

అయితే పెడన కలంకారీ అద్దకందారుకో, కొండపల్లి బొమ్మల దుకాణానికో, ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డుకో కావలసింది చౌక ఒక్కటే కాదు. ఈమెయిల్ ఆగిపోతే తెలుగులో మాట్లాడి సరిచేసే మనిషి కావాలి. డొమైన్ గడువు ముగుస్తోందని ముందుగా ఫోన్ చేసేవాడు కావాలి. డాట్ కామ్ పేరు గడువు దాటితే, కొంత వ్యవధి తర్వాత రద్దయి, అధిక రుసుముతో విడిపించుకోవడానికి 30 రోజులే ఉంటాయి. ఆ తర్వాత 5 రోజులకు ఎవరైనా ఎగరేసుకుపోవచ్చు. ఇంకోమాట. డొమైన్‌ను ఖాతాదారుడి పేరుమీదే నమోదు చేయాలి. సొంత పేరున పెట్టుకుని, ఆయన వెళ్లిపోతానన్నప్పుడు మెలిక పెట్టడం దస్తావేజు దాచినట్టే!

ఇక లెక్క వేద్దాం. అంకెలు కేవలం ఉదాహరణకే. సర్వర్ అద్దె నెలకు 3,000, దూరంగా దాచే నకళ్లకు 1,000, కంట్రోల్ ప్యానెల్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లకు 4,000 అనుకుంటే ఏడాదికి 96,000 రూపాయలు. ఖాతాకు ఏడాదికి 2,400 తీసుకుంటే నలభైమంది దొరికేదాకా చేతిలో పైసా మిగలదు. ఖర్చు పెరగకపోతే వందమంది ఉన్నప్పుడు నెలకు మిగిలేది 12,000. అంటే మొదటి రెండేళ్లూ దీన్నొక్కదాన్నే నమ్ముకుని ఇల్లు గడపలేం. సైట్లు తయారుచేయడం, ఈమెయిళ్లు చూసిపెట్టడం లాంటి పనులు పక్కన ఉండాలి. అలాగని మొదలుపెట్టడానికి అరెకరం అమ్మాల్సిన పనీ లేదు. ఆరు నెలల అద్దె చేతిలో ఉంటే చాలు.

చట్టమూ తెలియాలి. సేవల ఆదాయం ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పదు. విదేశీ సంస్థ నుంచి సర్వర్ అద్దెకు తీసుకుంటే రివర్స్ చార్జి ఉంటుంది కాబట్టి ఆడిటర్‌ను ముందే అడగాలి. 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సర్వర్లు ఎవరైనా చొరబడి పాడుచేస్తే 6 గంటల్లోగా తెలియజేయాలి. లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. వర్చువల్ సర్వర్లు అద్దెకిచ్చేవాళ్లు ఖాతాదారుల వివరాలను ఒప్పందం ముగిశాక కూడా అయిదేళ్లు భద్రపరచాలి. ముక్కూమొహం తెలియనివాడు నగదిచ్చి చోటడిగితే ఇవ్వకూడదన్నమాట.

అంతా విని కుర్రాడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మొహం చిన్నబోయిందేమో అనుకున్నా. "మా కాలేజీ దగ్గర ఇద్దరు, గుడివాడలో ఓ బియ్యం మిల్లు... ముగ్గురితో మొదలుపెడతా బాబాయ్. ముందు నకళ్ల ఏర్పాటు చూసుకుంటా" అన్నాడు.

అన్నయ్య అప్పటిదాకా మౌనంగా ఉన్నాడు. బస్టాండుకు బయల్దేరేముందు చెప్పులు వేసుకుంటూ కొడుకుతో అన్నాడు: "నాకర్థమైంది ఒక్కటేరా. నువ్వు చేసేది ఆసామి పని కాదు, లస్కరు పని. రాత్రిపూట కూడా లేచి కాలవ చూసుకోవాలి. నిద్రపోయావంటే చివరి చేలవాడు ఎండిపోతాడు."

హోస్టింగ్ గురించి ఇంతకంటే బాగా నేను చెప్పలేను. అరెకరం బేరం మర్నాడే రద్దయింది.